తొమ్మిది నాట్లు

జిబూతీ దాటిన రాత్రి
పాత బాయిలర్ సూట్లు పోగేసి
గుడ్డపీలికలు కుక్కి
నలుగురు మనుషుల్ని చేశాం.
తలలకు హెల్మెట్లు, చేతుల్లో పెయింటు బ్రష్షుల కర్రలు,
దూరం నుంచి తుపాకులనుకోవాలని.
ఎడమ రెయిలింగు దగ్గరవాడికి
ఎవరిస్తో సూటు తొడిగాం.
జేబు మీద అతని పేరు ఇంకా ఉంది.
"జీతం లేని డ్యూటీ నాకు" అని ఎవరిస్తో నవ్వాడు,
గొంతు తడారిపోయిన నవ్వు.

తెల్లారకముందే ఐదు ఓడలం కూడాం.
ముందు బూడిదరంగు యుద్ధనౌక.
ముగ్గురి వెనక ఇద్దరం,
దక్షిణం కొసన మేము.
రేడియోలో ఒక అమ్మాయి గొంతు, ఏ దేశపు యాసో,
పేర్లు పిలవదు, అంకెలే పిలుస్తుంది.
"ఐదో నంబర్, వెనకబడుతున్నారు."

అది పది నాట్ల గుంపు.
మా ఇంజనుకి తొమ్మిది దాటితే దగ్గు.
హోల్డుల నిండా యూరియా,
నీటికి డెక్కు ఎంత దగ్గరంటే
ఎక్కేవాడికి పొడుగాటి నిచ్చెన కూడా అక్కర్లేదు.
కెప్టెన్ ఓతార్ మైకు పట్టుకుని
అప్పుకి వాయిదా అడిగేవాడిలా గొంతు సవరించుకున్నాడు.
తొమ్మిది, అన్నాడు.
రేడియో కాసేపు ఏమీ అనలేదు.
ముందున్న ట్యాంకరువాడెవడో
మైకు నొక్కి మరీ నిట్టూర్చాడు.
తర్వాత ఆ అమ్మాయి:
"అన్ని నంబర్లకూ. తొమ్మిది."

ఇలోయిలో దగ్గర మా మడి గుర్తొచ్చింది.
మోకాలి లోతు బురదలో
వెనక్కి వెనక్కి అడుగేస్తూ నాట్లేసే ఆడవాళ్ళు.
మేనత్త పెర్పెతువాకి నడుం పట్టేసేది.
ఆమె ఆగితే వరసంతా ఆగేది.
తిట్టేవాళ్ళు లేరని కాదు,
తిడుతూనే ఆగేవాళ్ళు.

రెండో పొద్దున మూడు పడవలు.
సైరన్. వంటవాడితో సహా అందరూ కింద ఇనుప గదిలోకి.
పైన కెప్టెన్, చుక్కాని దగ్గర నేను.
నీటిగొట్టాలు విప్పితే
ఓడ చుట్టూ తెల్లటి గోడ లేచింది.
ముళ్ళకంచె మీద ఇంద్రధనుస్సు పడింది, సిగ్గులేకుండా.
హెలికాప్టరు వెళ్ళి వాళ్ళ నెత్తిన నిలబడింది.

దగ్గరకొచ్చాక బైనాక్యులర్ అవసరం లేకపోయింది.
నిచ్చెన లేదు. కొక్కెం లేదు.
ముందు పడవలో ఒక ముసలాయన,
గళ్ళ లుంగీ, గోరింటాకుతో ఎర్రబడ్డ గడ్డం,
లేచి రెండు చేతులూ బార్లా చాచాడు.
లొంగిపోతున్నాడనుకున్నాం.
కొలత చూపిస్తున్నాడు.
ఇక్కణ్ణించి అక్కడిదాకా నా వల, అని.
నీళ్ళమీద వంటనూనె డబ్బాలు, పసుపుపచ్చవి,
తేలుతూ సరిగ్గా మా దారికి అడ్డంగా.

వరస వంగదు.
వంగితే ఒకడు విడిపోతాడు.
విడిపోయినవాడి కోసమే కదా
ఎక్కడో ఎవరో కాచుకుని ఉండేది.
"ఐదో నంబర్, దారి మార్చొద్దు."
మార్చలేదు. ఈ చేతులతోనే మార్చలేదు.

పడవలో ఒక కుర్రాడు, పదేళ్ళుంటాయేమో,
మమ్మల్ని కాదు,
రెయిలింగు దగ్గర ఎవరిస్తో సూటుని చూసి
చెయ్యూపాడు. రెండుసార్లు.
అది ఊపలేదు.
మూడోసారి ఎత్తిన చెయ్యి
సగంలోనే దించేసుకున్నాడు.

కాపలా ముగిసే చోట యుద్ధనౌక వెనుదిరిగింది.
పడమటికి పోయే ఓడలు ఎదురుచూస్తున్నాయట.
అందరూ థాంక్స్ చెప్పారు.
మేమూ చెప్పాం, మనస్ఫూర్తిగానే.
ఆ అమ్మాయి మొదటిసారి మా ఓడని పేరుతో పిలిచింది,
తప్పుగా పలికింది.
బొమ్మల్ని విప్పి పీలికలు గోనెసంచిలో దాచాం,
వచ్చే ట్రిప్పుకి.
ఎవరిస్తో సూటు ఉతుక్కుని తొడుక్కున్నాడు.

ఇప్పుడు ఒంటరిగా తూర్పుకి.
షాఫ్టులో సన్నటి వణుకు.
కిందవాళ్ళు వాల్వులు చూశారు, ఫిల్టర్లు మార్చారు.
వేగం ఎనిమిదిన్నర.
నూనె మంచిది కాదని
కెప్టెన్ లాగ్‌బుక్కులో రాశాడు.
తగ్గిన ఆ అర నాటు
ఎవరి రెండు చేతుల మధ్య దూరమో
నాకు తెలుసు.